బలిపీఠం ముందు పరాయి మనిషి: 'ది అజ్టెక్స్' ధారావాహికకు ఒక కళింగాంధ్ర పఠనం

ఉపోద్ఘాతం

వైజ్ఞానిక కల్పనలో కాలయానం ఎక్కువగా ఒక సౌకర్యంగానే కనిపిస్తుంది. పాత్రలను ఒక యుగం నుంచి మరొక యుగానికి చేర్చడంతో యంత్రం పని ముగుస్తుంది. ఆ తరువాత కథ సాహసంగానో వినోదంగానో సాగిపోతుంది. చేరిన కాలంలో ఆ పాత్రలకు ఏ అధికారం ఉంది, అక్కడి మనుషుల విశ్వాసాలలో చేయి పెడితే అందుకు మూల్యం ఎవరు చెల్లిస్తారు అన్న ప్రశ్నలు వేసిన రచనలు తక్కువ. బీబీసీ టెలివిజన్ 1964 మే 23 నుంచి జూన్ 13 వరకు నాలుగు శనివారాలు ప్రసారం చేసిన 'ది అజ్టెక్స్' ఆ కొద్ది రచనలలో ఒకటి. 1963 నవంబర్ 23న మొదలైన 'డాక్టర్ హూ' ధారావాహికలో ఇది ఆరవ కథ. రచన జాన్ లుకరోటి, దర్శకత్వం జాన్ క్రాకెట్, నిర్మాత వెరిటీ లాంబర్ట్.

ఈ నలుపు తెలుపు కథను తెలుగు విమర్శ పరిశీలించడానికి ఒక ప్రత్యేక కారణం ఉంది. నరబలి జరిగే సమాజంలోకి పరాయి మనిషి వచ్చి దానిని మాన్పించబోవడం ఇందులోని ఇతివృత్తం. పంతొమ్మిదో శతాబ్దంలో సరిగ్గా ఇటువంటి ప్రయత్నమే గంజాం జిల్లాలో జరిగింది. నేటి శ్రీకాకుళం జిల్లాలోని జలంత్ర, టెక్కలి, మందస ప్రాంతాలు ఆనాడు ఆ జిల్లాలోని జమీందారీలు. జలంత్రకోట, పలాస, ఉద్దానం తీరాన నిలబడి చూసినప్పుడు 'ది అజ్టెక్స్' మెక్సికో కథగా మాత్రమే మిగలదు. ఆ చరిత్ర వెలుగులో కథలోని నిజాయితీని, దాని చూపులోని లోపాన్ని ఏకకాలంలో గుర్తించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇతివృత్తం, సంఘర్షణ

డాక్టర్, అతని మనుమరాలు సూసన్, ఉపాధ్యాయులు బార్బరా రైట్, ఇయన్ చెస్టర్టన్ ప్రయాణించే కాలయంత్రం యెటాక్సా అనే ప్రధాన పూజారి సమాధిలో దిగుతుంది. సమాధిలోని కంకణాన్ని చేతికి తొడుక్కుని బార్బరా బయటికి రావడంతో, యెటాక్సాయే తిరిగి అవతరించాడని అక్కడి వారు భావించి ఆమెను దేవతగా నిలబెడతారు. సమాధి ద్వారం మూసుకుపోతుంది. యంత్రం లోపల, మనుషులు బయట చిక్కుకుంటారు.

బార్బరా చరిత్ర ఉపాధ్యాయిని. అజ్టెక్ నాగరికతను ఆమె చదివింది, అభిమానించింది. స్పానిష్ సేనాని కోర్టెస్ 1519లో రాబోతున్నాడని ఆమెకు తెలుసు. నరబలిని ముందే మాన్పించగలిగితే ఈ నాగరికతలోని మంచి అంతా విధ్వంసం నుంచి బయటపడుతుందని ఆమె తర్కం. చరిత్రలో ఒక్క పంక్తిని కూడా మార్చడం సాధ్యం కాదని డాక్టర్ ఆమెను తీవ్రంగా వారిస్తాడు. ఆమె వినదు.

మొదటి భాగంలోనే ఆమెకు పరీక్ష ఎదురవుతుంది. వాన కోసం జరుగుతున్న బలిని ఆపమని దేవత హోదాలో ఆజ్ఞాపిస్తుంది. ఎవరి ప్రాణాన్ని ఆమె కాపాడిందో ఆ మనిషే దానిని అవమానంగా భావించి ఆలయం పైనుంచి దూకి చనిపోతాడు. వెంటనే వాన కురుస్తుంది. బలి పూజారి త్లోతోక్సల్‌కు ఆ వాన ఆయుధమవుతుంది. ఈమె బూటకపు దేవత అని నిరూపించడానికి అతడు పూనుకుంటాడు. జ్ఞాన పూజారి ఆట్లాక్ మాత్రం ఆమెను నమ్ముతాడు. మిగిలిన కథ ఈ ఇద్దరు పూజారుల మధ్య, వారి నడుమ నిలిచిన బార్బరా చుట్టూ అల్లుకుంది.

బార్బరాను ఓడించేది శత్రువు కుతంత్రం ఒక్కటే కాదు. తొలి సన్నివేశంలో ఆమె లెక్కకు అందనిది బలి కాబోయే మనిషి మనసు. అతడికి అది మృత్యువు కాదు, జీవితమంతా సిద్ధపడిన గౌరవం. కాపాడబడే వాడి ఇష్టాన్ని అడగకుండానే కాపాడే చేయి కదిలింది. పిల్లలను కూడా దృష్టిలో పెట్టుకుని శనివారం సాయంత్రాలు ప్రసారమైన ధారావాహిక ఇంత క్లిష్టమైన విషయాన్ని తొలి భాగంలోనే నెలకొల్పడం విశేషం.

నలుపు తెలుపుల రంగస్థలం

ఈ కథ పూర్తిగా స్టూడియోలో చిత్రితమైంది. ఆలయ శిఖరం వెనుక కనిపించే నగరం తెరమీద గీసిన బొమ్మ. ఆరుబయలు విశాలత గానీ, జనసమ్మర్దం గానీ లేవు. కళారూపకర్త బారీ న్యూబరీ పరిమిత స్థలంలో గోడలు, మెట్లు, ద్వారాలు నిర్మించాడు. నాటి టెలివిజన్ నాటకాలను దృశ్యం వెంట దృశ్యంగా దాదాపు రంగస్థల ప్రదర్శనలా నమోదు చేసేవారు. అందువల్ల కథాభారమంతా సంభాషణల మీద, ముఖాల మీద పడింది.

ఈ పరిమితులే కథకు బలమయ్యాయి. రక్తం ఎక్కడా ప్రదర్శన వస్తువు కాలేదు. బలి భయం కత్తిలో కాక మాటలలో ఉంది. త్లోతోక్సల్ పాత్రధారి జాన్ రింగమ్ వంగిన నడకతో, రంగు పూసిన ముఖంతో, ప్రేక్షకుడినే తన కుట్రలో భాగస్వామిని చేస్తున్నట్టుగా మాట్లాడతాడు. పద్యనాటకంలో ప్రతినాయకుడి స్వగతానికి అలవాటుపడిన తెలుగు ప్రేక్షకుడికి ఈ అభినయం వెంటనే పరిచితమనిపిస్తుంది. దానికి పూర్తి విరుద్ధంగా కీత్ పయట్ ఆట్లాక్ పాత్రను తగ్గుస్వరంతో పోషించాడు. జాక్విలిన్ హిల్ బార్బరాగా రెండు స్వరాలు వాడింది. కొలువులో దేవత స్వరం నిలకడగా, ఆజ్ఞాపూర్వకంగా ఉంటుంది. సహచరుల మధ్య అదే గొంతులో అలసట, భయం వినిపిస్తాయి. ఈ రెండు స్వరాల మధ్య దూరమే కథకు అసలు రంగస్థలం.

ముగింపులోని సూర్యగ్రహణం కూడా రంగులేని తెరకు తగిన ఘట్టం. వెలుగు తగ్గి మళ్ళీ పెరగడమే అక్కడ జరిగే మొత్తం దృశ్యం. గ్రహణం విడిచేది ఖగోళ నియమం వల్లనని ప్రేక్షకుడికి తెలుసు. బలి వల్లనే విడిచిందని అక్కడి జనానికి తెలుసు. రెండు జ్ఞానాలనూ ఒకే కాంతి మార్పుతో చూపించి, ఎవరి పక్షానా వ్యాఖ్యానించకుండా కథ ముగుస్తుంది. 1960ల నాటి 'డాక్టర్ హూ' భాగాలలో అనేకం తరువాతి కాలంలో చెరిపివేతకు గురయ్యాయి. ఈ కథ నాలుగు భాగాలూ మిగలడం వల్ల ఈ నిర్మాణ నైపుణ్యాన్ని సమగ్రంగా పరిశీలించే వీలు కలిగింది.

గంజాం మన్యంలో మెరియా నిషేధం

1835-37 నాటి ఘుముసర యుద్ధ సందర్భంలో ఈస్టిండియా కంపెనీ సైన్యం గంజాం పశ్చిమ కొండలలోకి ప్రవేశించింది. అప్పుడే అక్కడి ఖోండులలో కొన్ని వర్గాలు భూదేవతకు నరబలి ఇచ్చే ఆచారం అధికారుల దృష్టికి వచ్చింది. బలి కోసం కొని తెచ్చిన మనిషిని మెరియా అనేవారు. చాలామందిని పసితనంలోనే కొని, కొన్నేళ్ళపాటు ఆదరంగా పెంచేవారు. పసుపు పంట, నేల సారం, ఊరి క్షేమం ఈ బలితో ముడిపడి ఉన్నాయని నమ్మకం. కంపెనీ ప్రతినిధి రసెల్ నివేదికలతో విషయం మద్రాసు ప్రభుత్వానికి చేరింది. 1845లో ప్రత్యేక చట్టంతో మెరియా ఏజెన్సీ ఏర్పడింది. మొదట మక్‌ఫెర్సన్, 1847లో అతని స్థానంలో కాంబెల్ దానికి బాధ్యత వహించారు. 1861లో ఆ ఏజెన్సీ ముగిసింది.

జలంత్ర, ఉద్దానం తీరగ్రామాలు ఈ ఆచారానికి నెలవులు కావు. అది కొండల లోపలి కథ. అయితే పాలనాపరంగా తీరమూ కొండా ఒకే జిల్లా. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఇక్కడి తెలుగువారు గంజాం జిల్లా ప్రజలే. కొండవారిని గురించి కంపెనీ రాసుకున్న చరిత్ర ఈ నేల చరిత్రలో కూడా భాగం.

ఈ రెండు లోకాలను ఆంగ్ల పాఠకుల ఊహలో ఒకచోట చేర్చిన గ్రంథం ఒకటి ఉంది. 1890లో తొలిసారి వెలువడిన ఫ్రేజర్ 'ది గోల్డెన్ బౌ' పంటల కోసం జరిగే నరబలులను చర్చిస్తూ మెక్సికో ఆచారాలను, ఖోండుల మెరియాను ఒకే వరుసలో పరిశీలించింది. బార్బరా వంటి చదువుకున్న బ్రిటిష్ వ్యక్తి ఊహలో అజ్టెక్ ఆలయం, గంజాం కొండ ఒకే భావపటంలోని రెండు బిందువులు కావడానికి అవకాశం ఏర్పడింది. లుకరోటి గంజాం చరిత్రను దృష్టిలో పెట్టుకుని ఈ కథ రాశాడనడానికి ఆధారం అవసరం లేదు. పరాయి సమాజాన్ని సంస్కరించే మనిషి ఆలోచన ఏ దారిలో నడుస్తుందో రెండుచోట్లా ఒకే విధంగా కనిపించడమే ఇక్కడ పరిశీలనాంశం.

రెండుగా చీల్చిన సమాజం

ఆ దారిలో మొదటి అడుగు, ఎదుటి సమాజాన్ని మంచి సగం, చెడ్డ సగం అని విడదీయడం. బార్బరా దృష్టిలో అజ్టెక్ నాగరికత అంటే ఒకవైపు జ్ఞానం, శిల్పం, ఉద్యానవనాలు; మరొకవైపు నరబలి. ఆట్లాక్ మొదటిదానికి, త్లోతోక్సల్ రెండవదానికి ప్రతినిధులు. రెండవ సగాన్ని కోసివేస్తే మొదటిది క్షేమంగా మిగులుతుందని ఆమె నమ్మకం.

మక్‌ఫెర్సన్ ఖోండుల మతాన్ని వివరించిన తీరు ఇదే. వెలుగు దేవుడైన బూరా పెన్నును కొలిచి నరబలిని నిరసించే శాఖ ఒకటి, భూదేవత తారి పెన్నును కొలిచి బలి ఇచ్చే శాఖ ఒకటి అని అతడు ఖోండులను విభజించాడు. మొదటి శాఖ అతడికి సహజ మిత్రపక్షం. తరువాత వచ్చిన కాంబెల్ ఈ వర్ణననే తప్పుపట్టాడు. ఒకే ఉద్యోగంలో పనిచేసిన ఇద్దరు అధికారులు ఒకే జనం మతం గురించి ఏకీభవించలేకపోయారు. ఆ విభజనలో ఖోండుల ఆలోచన ఎంత, అధికారి అవసరం ఎంత అన్న సందేహం అందువల్లనే తొలగదు.

'ది అజ్టెక్స్' గొప్పతనం ఈ విభజనను వాడుకుని, చివరికి దానిని తానే ప్రశ్నించడంలో ఉంది. ఒక సన్నివేశంలో ఇయన్ బార్బరాకు ఆమె పొరపాటును చూపిస్తాడు. ఈ సమాజంలో త్లోతోక్సల్ అసాధారణుడని ఆమె అనుకుంటోంది, కానీ నిజానికి అసాధారణుడు ఆట్లాక్. జనం త్లోతోక్సల్ వెంటే ఉన్నారు. ఈ ఒక్క పరిశీలనతో బార్బరా ప్రణాళిక పునాది కదిలిపోతుంది. తాను ప్రేమించిన నాగరికత తన పుస్తకాలలో వేరుచేసి చూపిన భాగమే తప్ప ఎదుట ఉన్న మనుషుల మొత్తం జీవితం కాదని ఆమెకు అర్థమవుతుంది.

అయినా పాత్రచిత్రణలో ఈ వివేకం పూర్తిగా ఇమడలేదు. బలిని సమర్థించే పూజారి వంకర నడకతో, వికృత ముఖంతో ఉంటాడు. బలిని సందేహించే పూజారి సౌమ్యుడు, సుందరుడు. సాధారణ అజ్టెక్ స్త్రీపురుషులకు ఇంచుమించు గొంతు లేదు. అజ్టెక్ పాత్రలను బ్రిటిష్ నటులే ధరించారు. ఇయన్ మాటల్లో కథ గ్రహించిన సత్యాన్ని రూపకల్పన గ్రహించలేదు. ప్రశంసతో పాటు ఈ లోపాన్నీ నమోదు చేయకపోతే విమర్శ అసంపూర్ణం అవుతుంది.

నమ్మినవాడి నష్టం

దేవత వేషంలో మాట్లాడటం బార్బరాకు దొరికిన ఏకైక అధికారం. ఆ అధికారం అబద్ధం మీద నిలిచింది. తాను యెటాక్సాను కానని ఒక దశలో ఆమె శత్రువైన త్లోతోక్సల్ ముందే ఒప్పుకుంటుంది, బయటపెడితే నాశనం చేస్తానని బెదిరిస్తుంది. నమ్మిన ఆట్లాక్ ముందు మాత్రం దేవత రూపం అలాగే నిలుస్తుంది. నిజం శత్రువుకు తెలిసింది, మిత్రుడికి దక్కలేదు. కథలోని అత్యంత బాధాకరమైన వైరుధ్యం ఇదే.

ఆట్లాక్ తన పదవిని, ఆస్తిని, తరతరాల విశ్వాసాన్ని వదులుకుని సత్యాన్వేషణకై ఏకాంత ప్రదేశానికి వెళ్ళిపోతాడు. బలులు ఆగవు. గ్రహణ వేళ త్లోతోక్సల్ తన కార్యం తాను నెరవేరుస్తాడు. యాత్రికులు యంత్రం ఎక్కి వెళ్ళిపోతారు. తాను ఇచ్చింది బూటకపు ఆశ అని బార్బరా బాధపడుతుంది. నాగరికతను కాపాడలేకపోయినా ఒక మనిషికి మేలు చేసిందని డాక్టర్ ఓదారుస్తాడు. ఈ ఓదార్పును ముక్తాయింపుగా స్వీకరించడం పరిపాటి. కానీ ఆ మేలు నిజంగా మేలేనా అని చెప్పవలసిన ఆట్లాక్ ఆ సమయంలో తెరమీద లేడు. లెక్క తేల్చినవారు వెళ్ళిపోయేవారు. మూల్యం చెల్లించినవాడు అక్కడే ఉండిపోయినవాడు.

జోక్యం వద్దన్న డాక్టర్ కూడా ఇందుకు అతీతుడు కాడు. సమాధి రహస్యం తెలుసుకోవడానికి అతడు కమేకా అనే స్త్రీతో స్నేహం చేస్తాడు. ఆచారం తెలియక ఆమెకు కోకో కలిపి ఇవ్వడంతో వివాహ నిశ్చయం జరిగిపోతుంది. ద్వారం తెరవడానికి చక్రం చెక్కుతాడు. చివరికి ఆమె ఇచ్చిన పతకాన్ని వదిలి వెళ్ళబోయి, మళ్ళీ వెనక్కి వచ్చి తీసుకుంటాడు. చరిత్రను మార్చరాదన్న సిద్ధాంతం ఒక మనిషి జీవితాన్ని తాకకుండా ఉండలేకపోయిందని ఆ చిన్న కదలిక చెబుతుంది.

గంజాం చరిత్రలో ఇందుకు సమాంతరమైన, అయితే భిన్నమైన ఘట్టం కనిపిస్తుంది. మనిషికి బదులు దున్నపోతును బలి ఇవ్వడానికి ఒప్పుకున్న ఖోండులు, ఈ మార్పు వల్ల దేవతకు కోపం వస్తే అది తమ మీద కాక తెల్లదొర మీద పడాలని వేడుకున్నట్టు కంపెనీ అధికారుల రచనలు తెలుపుతున్నాయి. పైకి అమాయకంగా కనిపించే ఈ వేడుకోలులో లోతైన న్యాయబుద్ధి ఉంది. ఆజ్ఞ ఎవరిదో పర్యవసానం వారిదే కావాలని కొండమనిషి కోరాడు. ఆట్లాక్‌కు ఆ అవకాశం దక్కలేదు. ఆజ్ఞ బార్బరాది, పర్యవసానం అతడిది.

మెరియాలుగా పెరుగుతున్న పిల్లలకు బ్రతికే హక్కు ఉంది. అనేక వందల మంది ఆ చెర నుంచి బయటపడటం చిన్న విషయం కాదు. ఆ పనిని కొట్టివేయడం ఈ పఠనం లక్ష్యం కాదు. అయితే ఆ రక్షణ వెంట సైనిక దండయాత్రలు, ఊళ్ళ దహనాలు కూడా నడిచాయి. 1846-47లో చక్ర బిసోయి నాయకత్వాన తిరుగుబాటు చెలరేగింది. మానవశాస్త్రవేత్త ఫెలిక్స్ పాడెల్ 1995లో ప్రచురించిన గ్రంథంలో ఖోండులపై బ్రిటిష్ పాలనను కూడా మనుషులను బలిపెట్టే వ్యవస్థగానే వివరించాడు. నరబలిని ఆపాలా వద్దా అన్నది ప్రశ్న కాదు. ఎవరి గొంతుతో, ఏ బలంతో, ఎవరి నష్టంతో ఆపుతున్నారన్నదే ప్రశ్న. 'ది అజ్టెక్స్' ఈ ప్రశ్న దాకా వచ్చింది. బ్రిటిష్ వలసలు ఒకటొకటిగా స్వతంత్రమవుతున్న దశాబ్దంలో ఒక బ్రిటిష్ ఉపాధ్యాయినికి పరాయి దేవత వేషం వేసి, ఆమెను గెలిపించకుండా వెనక్కి పంపడం సాహసమే.

'యజ్ఞం' పక్కన 'ది అజ్టెక్స్'

ఈ కథ చూడలేకపోయిన పార్శ్వాన్ని గుర్తించడానికి శ్రీకాకుళం నేల నుంచే వచ్చిన, అదే దశాబ్దపు తెలుగు కథ తోడ్పడుతుంది. కాళీపట్నం రామారావు 'యజ్ఞం'లో బలిపీఠం లేదు, పూజారి లేడు. సుందరపాలెం అనే ఊరు, ఆ ఊరిని అభివృద్ధి చేసిన పెద్దమనిషి శ్రీరాములునాయుడు, తీర్చవలసిన ఒక అప్పు, దానిపై పంచాయితీ ఉన్నాయి. అందరూ న్యాయంగానే మాట్లాడతారు. ఆ న్యాయం ప్రకారం అప్పల్రాముడి కుటుంబానికి ఉన్న భూమి పోవాలి. తన సంతానానికి దాస్యం తప్పదని గ్రహించిన సీతారాముడు కన్నబిడ్డను తానే చంపి సభ ముందుకు తెస్తాడు.

రెండు కథలనూ పక్కపక్కన పెట్టినప్పుడు బలి అనే మాటకు అర్థం మారుతుంది. లుకరోటి కథలో బలి ఒక అనాగరిక శేషం. దానిని తీసివేస్తే నాగరికత శుద్ధమవుతుందన్నది బార్బరా ఆశ. 'యజ్ఞం'లో బలి నాగరికత లెక్కల పుస్తకంలోనే ఉంది. రోడ్డు, బడి, పంచాయితీ, చట్టబద్ధమైన పత్రం అన్నీ ఉన్న చోటనే పసివాడి ప్రాణం పోయింది. బార్బరా బలిని కత్తి ఉన్న చోట మాత్రమే చూసింది. కారా దానిని అప్పు ఉన్న చోట చూశాడు.

మరొక భేదం మరింత ముఖ్యమైనది. మొదటి భాగంలో ఆలయం పైనుంచి దూకిన మనిషి కథకు ఒక మలుపుగా మాత్రమే మిగిలాడు. అతడి పేరు గానీ, ఇల్లు గానీ, అతడి కోసం ఏడ్చినవారు గానీ కథలో లేరు. 'యజ్ఞం'లో నష్టపోయేవారికి పేర్లున్నాయి, వంశముంది, వాదముంది. ఊరి పెద్దల న్యాయాన్ని ఎదుర్కొనే తర్కం వారి నోటి నుంచే వస్తుంది. పరాయి మనిషి వచ్చి దేవత గొంతుతో వారి తరఫున మాట్లాడవలసిన అవసరం అక్కడ లేదు. కళింగాంధ్ర కథాసాహిత్యం సాధించిన విలువైన అంశాలలో ఇది ఒకటి.

ముగింపు

తెలుగులో కాలయానం అనగానే స్ఫురించే చిత్రం సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో 1991లో వచ్చిన 'ఆదిత్య 369'. అందులో శ్రీకృష్ణదేవరాయల కాలం ప్రధానంగా వైభవ దర్శనం. గతాన్ని దిద్దాలన్న నైతిక వేదన ఆ చిత్రం స్వీకరించిన వస్తువు కాదు. గతంలోకి వెళ్ళే యంత్రం తెలుగు రచయిత చేతికి మరొకసారి దొరికితే, దానిని రాజాస్థానానికే నడపవలసిన పని లేదు. 1845 నాటి గంజాం కొండల్లో అది దిగవచ్చు. అక్కడ మెరియాగా పెరుగుతున్న బిడ్డ, ఆ బిడ్డను కొన్న ఊరు, ఎదురుగా కంపెనీ అధికారి ఉంటారు. యంత్రం దిగిన తెలుగు మనిషి ఈ ముగ్గురిలో ఎవరి భాష మాట్లాడాలో నిర్ణయించుకోవలసి వస్తుంది.

ఆ రచనకు 'ది అజ్టెక్స్' నేర్పగల పాఠం ఉంది. పెద్ద నిర్మాణ వ్యయం లేకుండా, గీసిన తెర ముందు, నలుగురైదుగురు నటులతో ఒక నైతిక సమస్యను దాని చివరి అంచు వరకు తీసుకువెళ్ళవచ్చు. నాయికను ఓడించి కూడా ఆమెపై గౌరవాన్ని నిలబెట్టవచ్చు. ఆ కథ దగ్గర దొరకనిది 'యజ్ఞం' దగ్గర దొరుకుతుంది. కాపాడబడే మనిషికి గొంతు ఇవ్వడం, అతడి మాట విన్న తరువాతనే చేయి చాచడం ఆ లోటును పూరిస్తాయి. ఆట్లాక్ తన ఇంటి నుంచి ఏకాంత ప్రదేశానికి నడిచిన దారిలో కెమెరా అతడి వెంట వెళ్ళలేదు. ఆ దారిలో నడవవలసిన కథ ఇంకా మిగిలే ఉంది.